లా పాజ్‌లో పైకీ కిందికీ

తమ్ముడు: నమస్కారం అండీ. ఈ వారం మన ఊరు బొలీవియాలోని లా పాజ్. పక్కన అక్క ఉంది. ఆ వైపు తిరిగొచ్చింది తనే కాబట్టి ఇవాళ ప్రశ్నలన్నీ తనకే. అక్కా, ముందు ఒక డౌట్. లా పాజ్ బొలీవియా రాజధానేనా? స్కూల్లో అలాగే బట్టీ పట్టాం.

అక్క: క్విజ్‌లో అడిగితే సుక్రే అని చెప్పు. రాజ్యాంగం ప్రకారం రాజధాని అదే. ప్రభుత్వం, పార్లమెంటు మాత్రం లా పాజ్‌లో నడుస్తాయి. అది సరే గానీ, అక్కడికి వెళ్లేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఆ ఊరి ఎత్తు. ఊరి నడిబొడ్డున సముద్రమట్టానికి 3,600 మీటర్లు ఉంటుంది.

తమ్ముడు: మనవాళ్లు చాలామంది లేహ్ వెళ్లొస్తున్నారు కదా. దాదాపు అంతే ఎత్తేమో?

అక్క: దాదాపు అంతే. కానీ ఒక తేడా ఉంది. లేహ్‌లో ఎయిర్‌పోర్ట్ ఊరికంటే కింద ఉంటుంది. ఇక్కడ ఊరికంటే పైన. ఎల్ ఆల్టో అనే పక్క ఊళ్లో, 4,000 మీటర్లు దాటిన చోట దిగుతావు. అంటే విమానం తలుపు తీసిన క్షణంలోనే నీ ఊపిరికి పరీక్ష. బ్యాగు లాక్కుంటూ నాలుగు అడుగులు గబగబా వేస్తే గుండె దడదడలాడుతుంది. తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, వికారం, వీటన్నిటికీ కలిపి అక్కడివాళ్లు సొరోచే అంటారు.

తమ్ముడు: మెస్సీ కూడా అక్కడ ఓడిపోయాడు కదా?

అక్క: 2009 ఏప్రిల్ 1న. అర్జెంటీనా 6-1తో ఓడింది. మెస్సీ ఆడాడు, కోచ్ మారడోనా. అంత ఎత్తులో మ్యాచ్‌లు పెట్టొచ్చా లేదా అని అప్పటికే పెద్ద గొడవ నడుస్తోంది. వాళ్లకే అలా ఉంటే మన సంగతి చెప్పేదేముంది.

తమ్ముడు: మరి ప్లాన్ ఎలా వేసుకోవాలి?

అక్క: టూర్ ఆఫీసుల ముందు బోర్డులు చూస్తే అన్నీ గంటల్లో, కిలోమీటర్లలో ఉంటాయి. చకల్తాయా కొండ ముప్పై కిలోమీటర్లే, అర రోజులో అయిపోతుంది, మొదటిరోజే కొట్టేద్దాం అనిపిస్తుంది. ఆ ముప్పై కిలోమీటర్లూ నిన్ను 5,000 మీటర్ల పైకి తీసుకెళ్తాయి. అందుకే నేను అందరికీ చెప్పేది, దూరం వదిలేసి ప్రతి చోటు పక్కన దాని ఎత్తు రాసుకోండి. తక్కువ ఎత్తు నుంచి ఎక్కువ ఎత్తుకి వరస పెట్టండి. టైమ్‌టేబుల్ దానంతట అదే తయారవుతుంది.

తమ్ముడు: అయితే మొదటిరోజు?

అక్క: కేబుల్ కార్లు. నిజం చెప్పాలంటే ఊరంతటిలో నాకు బాగా నచ్చింది అదే. స్పానిష్‌లో ‘మి తెలెఫెరికో’, అంటే ‘నా కేబుల్ కార్’ అంటారు. 2014లో మొదలైంది, ఆస్ట్రియా కంపెనీ డోపెల్‌మాయర్ కట్టింది. మొదట ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లైన్లు, అంటే వాళ్ల జెండా రంగులే. ఇప్పుడు పది లైన్లయ్యాయి. ఇవి కొండ మీద గుడికి వెళ్లే రోప్‌వే లాంటివి కావు. ఊరివాళ్ల సిటీ బస్సులు ఇవే. పొద్దున ఎక్కితే నీ ఎదురుగా యూనిఫాం వేసుకున్న పిల్లలు, కూరగాయల మూట ఒళ్లో పెట్టుకున్న ఆవిడ, చెవిలో ఇయర్‌ఫోన్లతో ఆఫీసు కుర్రాడు. ఒక్కో డబ్బాలో పదిమంది కూర్చోవచ్చు. స్టేషన్ల పేర్లు స్పానిష్‌తో పాటు అక్కడి మూలవాసుల ఐమారా భాషలో కూడా ఉంటాయి.

తమ్ముడు: పైనుంచి ఏం కనిపిస్తుంది?

అక్క: ఊరు ఎవరిదో కనిపిస్తుంది. మామూలుగా డబ్బున్నవాళ్లు కొండ మీద ఇళ్లు కట్టుకుని వ్యూ చూసుకుంటారు కదా. లా పాజ్‌లో తలకిందులు. కిందికి వెళ్లేకొద్దీ గాలి కాస్త ఎక్కువ, చలి కాస్త తక్కువ. అందుకని జోనా సూర్ అనే దక్షిణ భాగంలో, 3,300 మీటర్ల దగ్గర, పెద్ద ఇళ్లు, మాల్స్. పైన ఎల్ ఆల్టోలో పల్లెల నుంచి వలస వచ్చిన ఐమారా కుటుంబాలు. పైనుంచి పసుపు లైన్ ఎక్కి, దిగి ఆకుపచ్చ లైన్‌లోకి మారితే ఎల్ ఆల్టో నుంచి జోనా సూర్ దాకా వచ్చేస్తావు. ఏడెనిమిది వందల మీటర్లు దిగుతావు. సున్నం కూడా వేయని ఎర్ర ఇటుక గోడల దగ్గర ఎక్కి అద్దాల మేడల దగ్గర దిగుతావు. ఆకాశం తేటగా ఉంటే దారి పొడవునా ఇల్లిమాని కొండ కనిపిస్తుంది. 6,438 మీటర్లు, నెత్తిన మంచు. ఏ గైడూ ఇంతకంటే బాగా చెప్పలేడు.

తమ్ముడు: పైన ఉన్నవాళ్లందరూ పేదవాళ్లేనా?

అక్క: కాదు, అది కూడా పాత మాటే. ఎల్ ఆల్టోలో వ్యాపారం చేసి బాగా సంపాదించినవాళ్లున్నారు. వాళ్లు కట్టించుకున్న భవనాలు చూడాలి. ఫ్రెడ్డీ మామానీ అనే ఆర్కిటెక్ట్ శైలి. నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో కళ్లు జిగేల్‌మంటాయి. కింద దుకాణాలు, మధ్యలో ఫంక్షన్ హాలు, అన్నిటికంటే పైన ఓనరు ఇల్లు. గురువారం, ఆదివారం అయితే ఎరుపు లైన్ ఎక్కు. పైన స్టేషన్ పక్కనే పెద్ద సంత. పాత బట్టల నుంచి కారు విడిభాగాల దాకా అన్నీ దొరుకుతాయి. దారిలో ఆ లైన్ ఊరి శ్మశానం మీదుగా వెళ్తుంది. అల్మారాల్లా పేర్చిన సమాధులు, ఒక్కోదానికి అద్దం తలుపు, లోపల పూలు.

తమ్ముడు: ఊళ్లో ఇంకేమైనా?

అక్క: మురియో చౌక్‌లో పార్లమెంటు గడియారం. 2014 నుంచి ముళ్లు ఎడమవైపుకి తిరుగుతున్నాయి. దక్షిణార్ధగోళం వాళ్లం, ఉత్తరం వాళ్లు చెప్పినట్టే ఎందుకు తిరగాలి అని. ఫొటో తీసుకుని వచ్చెయ్. మంత్రగత్తెల బజారు అని ఒకటుంది, లామా అనే ఒంటె జాతి జంతువు పుట్టకముందే చనిపోయిన పిల్లలు, ఎండబెట్టినవి, వేలాడుతుంటాయి. కొత్త ఇంటి పునాదిలో భూదేవికి, అంటే పచమామాకి, అర్పించడానికి కొంటారు. నాకైతే అక్కడ ఎక్కువసేపు నిలబడబుద్ధి కాలేదు.

తమ్ముడు: ఇక ఊరి బయటికి పద.

అక్క: ముందు చంద్రలోయ. వాయె దె లా లూనా. పది కిలోమీటర్లు, ఊరి మధ్యకంటే కాస్త కిందే. వానకి కోసుకుపోయిన మట్టి స్తంభాలు. గంట చాలు. ఆ తర్వాత తివనాకు, పాత నగరం శిథిలాలు. దానికి మాత్రం రోజంతా కేటాయించు. డెబ్బై కిలోమీటర్లు, 3,850 మీటర్లు.

తమ్ముడు: ఇంకా సామ్రాజ్యం వాళ్లదా?

అక్క: అందరూ అలాగే అనుకుంటారు. ఇంకాలు రావడానికి కొన్ని వందల ఏళ్ల ముందే ఆ నగరం ఖాళీ అయింది. దాని మంచి రోజులు సుమారు క్రీ.శ. 500 నుంచి 1000 మధ్య. సూర్యద్వారం అని ఒకటుంది, మొత్తం ఒకే రాయి. పది టన్నుల దాకా బరువు, పైన ఒక పక్క పగిలింది. మధ్యలో రెండు చేతుల్లో దండాలు పట్టుకున్న దేవుడు, రెండు వైపులా రెక్కలున్న పరివారం. నేలలోకి దిగే ఒక గుడి ఉంది, దాని గోడల నిండా రాతి తలకాయలు. దేని ముఖం దానిదే.

తమ్ముడు: పెద్ద విగ్రహం ఏదో ఉందటగా?

అక్క: దానికో కథ ఉంది. 1932లో వెండెల్ బెన్నెట్ అనే అమెరికా పురావస్తు శాస్త్రవేత్త తవ్వకంలో దొరికింది. ఏడు మీటర్లు పైనే. మరుసటి ఏడాది దాన్ని లా పాజ్‌కి తెచ్చి నిలబెట్టారు. తర్వాత ఫుట్‌బాల్ స్టేడియం ముందు, వానలో, బస్సుల పొగలో దశాబ్దాలు గడిపింది. 2002లో మళ్లీ తివనాకు చేర్చారు. ఇప్పుడు మ్యూజియంలో ఉంది. పైకప్పు కింద దాన్ని చూస్తుంటే, ఇన్నేళ్లూ రోడ్డు మధ్య ఎలా వదిలేశారా అని ఒళ్లు మండింది నాకు. జూన్ 21న వెళ్లగలిగితే వెళ్లు. ఐమారా కొత్త సంవత్సరం. తెల్లవారకముందే జనం గుమిగూడి మొదటి సూర్యకిరణానికి చేతులు చాస్తారు. చలి మాత్రం ఎముకలు కొరికేస్తుంది. అక్కడ అది నడి శీతాకాలం.

తమ్ముడు: టిటికాకా సరస్సు ఒక్కరోజులో అవుతుందా?

అక్క: అవుతుందని అమ్ముతారు. నువ్వు కొనకు. కోపకబానా ఊరికి వెళ్లడానికే నాలుగు గంటలు. దారిలో తికీనా దగ్గర నీళ్లు అడ్డం. బస్సుని చెక్క పంటు మీద ఎక్కించి అటు దాటిస్తారు, మనల్ని వేరే పడవలో. ఆ ఒడ్డున బొలీవియా నౌకాదళం కనిపిస్తుంది.

తమ్ముడు: సముద్రమే లేని దేశానికి నౌకాదళమా?

అక్క: ఒకప్పుడు ఉండేది. 1879లో మొదలైన యుద్ధంలో తీరమంతా చిలీకి పోయింది. ఇప్పటికీ మార్చి 23న సముద్ర దినం జరుపుకుంటారు. నౌకాదళాన్ని రద్దు చెయ్యాలంటే, తీరం మీద ఆశ వదులుకున్నట్టు అవుతుంది కదా. ఇక కోపకబానాలో చర్చి ముందు కొత్త కార్లు, వ్యాన్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. పూలదండలు, రంగు కాగితాలు. ఫాదర్ వచ్చి పవిత్రజలం చల్లుతాడు.

తమ్ముడు: నిమ్మకాయలు?

అక్క: (నవ్వు) నిమ్మకాయలు లేవు. బీరు పోస్తారు, టపాకాయలు కాలుస్తారు. రియోలో ఉన్న కోపకబానా బీచ్‌కి ఆ పేరు ఈ చర్చిలోని మేరీమాత వల్లే వచ్చింది. అక్కడ రాత్రి ఉండి, మర్నాడు పడవలో సూర్యద్వీపానికి వెళ్లడం నయం. సరస్సు 3,812 మీటర్లలో ఉంది, దీవిలో మెట్లు ఎక్కేటప్పుడు ఆ సంగతి గుర్తొస్తుంది.

తమ్ముడు: చకల్తాయా ఆఖరుకి పెట్టావు.

అక్క: ఎత్తు 5,421 మీటర్లు. గాలి ఒత్తిడి మన సముద్రతీరంలో ఉన్నదానికి సగం. ఒకప్పుడు ప్రపంచంలోనే ఎత్తైన స్కీయింగ్ అక్కడే జరిగేది. హిమానీనదం 2009 నాటికి పూర్తిగా కరిగిపోయింది. ఇప్పుడు ఉన్నది రాళ్లు, ఖాళీ బంగళా. కింద ఊరికి ఇది ఫొటోల విషయం కాదు. 2016లో జలాశయాలు ఎండిపోయి లా పాజ్‌లో చాలా పేటలకి నీళ్లు వంతులేసి ఇచ్చారు. శిఖరానికి కాస్త కింద కాస్మిక్ కిరణాల ప్రయోగశాల ఉంది. 1947లో సేజర్ లాట్టెస్ అనే బ్రెజిల్ కుర్రాడు ఆ కొండ మీద ఫొటోగ్రాఫిక్ ప్లేట్లు పెట్టాడు, పయాన్ అనే కణం జాడలు దొరికాయి. 1950 నోబెల్ మాత్రం ఆ బృందం పెద్ద సిసిల్ పావెల్‌కి వచ్చింది.

తమ్ముడు: డెత్ రోడ్డు మీద సైకిల్?

అక్క: ఉత్సాహం ఉంటే వెళ్లు. 4,650 మీటర్ల కనుమ దగ్గర మొదలై యుంగాస్ అడవుల్లోకి దిగుతుంది. కొత్త రోడ్డు వచ్చాక లారీలు అటు మళ్లాయి. నాకు మాత్రం లోయ అంచున సైకిల్ తొక్కే సరదా లేదు. కొత్త రోడ్డు మీద వ్యాన్‌లో కొరోయికో వెళ్లి, కాఫీ తోటలు చూసి, కడుపునిండా గాలి పీల్చుకొచ్చాను.

తమ్ముడు: తిండి సంగతి చెప్పలేదు.

అక్క: సోపా దె మానీ. వేరుశనగ చారు. పచ్చి వేరుశనగపప్పు రుబ్బి వేస్తారు, పైన బంగాళదుంప వేపుడు. ఎక్కువగా మాంసం రసంతో చేస్తారు, శాకాహారులు అడిగి తినాలి. మన అనంతపురం చేలల్లో వేరుశనగ పండుతోందంటే దాని మూలం దక్షిణ బొలీవియా, ఉత్తర అర్జెంటీనా ప్రాంతమే. పటాన్‌చెరు ఇక్రిశాట్ విత్తన భాండాగారంలో అక్కడి జాతులు కూడా దాచారు. ఇంకోటి ల్యాహ్వా, వాళ్ల పచ్చడి. టమాటా, లొకోటో మిరపకాయ రాతి మీద నూరతారు. లొకోటో కోస్తే లోపల గింజలు నల్లగా ఉంటాయి. కారం గట్టిదే.

తమ్ముడు: ఆఖరి ప్రశ్న, మెసేజ్‌లలో చాలామంది అడిగారు. అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా?

అక్క: గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉంటే ముందు డాక్టర్ని అడగాలి, ఇందులో మొహమాటం వద్దు. ఆరోగ్యం బాగున్నా నేరుగా ఎల్ ఆల్టోలో దింపొద్దు. శాంతా క్రూజ్‌లో దిగండి, అది 400 మీటర్లే. తర్వాత సుక్రే, 2,800. ఆ పైన లా పాజ్. గది జోనా సూర్‌లో తీసుకోండి. చకల్తాయా పేరు వాళ్ల దగ్గర ఎత్తకండి. మే నుంచి అక్టోబర్ మధ్య వానలుండవు, కానీ రాత్రిళ్లు స్వెట్టర్లు సరిపోవు. కోకా ఆకుల టీ అక్కడ హోటళ్లలో మామూలుగా ఇస్తారు, తాగొచ్చు. ప్యాకెట్లు మాత్రం ఇండియాకి తేవద్దు, ఇక్కడ నిషేధం.

తమ్ముడు: నాన్నకి పప్పన్నం లేకపోతే?

అక్క: వంటగది ఉన్న గది తీసుకుని చిన్న కుక్కర్ పట్టుకెళ్లండి. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఉత్త గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది.