ఒక్క రాత్రిలో తెలిసిపోయే విషయం కాదు

యాంకర్: నమస్కారం. ఇద్దరు స్త్రీల ప్రేమకథల్లో, తన మనసూ శరీరమూ ఎవరిని కోరుతున్నాయో నాయిక తెలుసుకునే ఘట్టం ఒకటుంటుంది. చాలాసార్లు అది నమ్మబుద్ధి కాదు. ఎందుకంటారు?

రచయిత్రి: భారమంతా ఒక్క రాత్రి మీద పెడతారండి. అప్పటిదాకా ఏమీ తెలియదు, ఒక్క ముద్దుతో అంతా తెలిసిపోతుంది! అమెరికన్ రచయిత్రి పాట్రీషియా హైస్మిత్ 1952లో క్లేర్ మోర్గన్ అన్న మారుపేరుతో వేసిన నవల 'ద ప్రైస్ ఆఫ్ సాల్ట్' చూడండి. నాయిక థెరీస్‌కి రిచర్డ్ అనే ప్రియుడున్నాడు. మంచివాడే, కానీ అతనితో పడకసుఖం ఆమెకు తెలియలేదు. కెరోల్ అనే ఆవిడ పరిచయమయ్యాక రిచర్డ్‌నే అడుగుతుంది, నువ్వెప్పుడైనా ఒక అబ్బాయిని ప్రేమించావా, అలాంటిది విన్నావా అని. అలాంటివాళ్లు ఉంటారని తెలుసంటాడు. నేనడిగేది అలాంటివాళ్ల గురించి కాదు, ఉన్నట్టుండి ప్రేమలో పడే ఇద్దరి గురించి అంటుంది. నాకు ఆ మాటే ప్రాణం. తనని ఏ గుంపులోనూ వేసుకోలేదు, కెరోల్ మీద ఇష్టం మాత్రం తెలుస్తోంది. వాళ్లిద్దరూ దగ్గరయ్యేది ఆ తర్వాత చాలా పేజీలకి.

సంపాదకురాలు: నిజమే మేడం, కానీ ఆ పేరు చెప్పి శరీరాన్ని వదిలేస్తే ఒప్పుకోను. మన కథల్లో సరిగ్గా అక్కడికి రాగానే వాన మొదలవుతుంది, లైటు ఆరిపోతుంది. చెయ్యి ఎక్కడ వేయాలో తెలియకపోవడం, మధ్యలో ఆగి "నీకు ఓకేనా?" అనడం, సిగ్గుతో నవ్వు రావడం... ఇవి రాయొచ్చు కదా.

రచయిత్రి: రాయాలి. చూసేవాళ్ల కోసం కాకుండా ఆమె వైపు నుంచి రాయాలి. 2013లో కాన్స్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి తెచ్చుకున్న 'బ్లూ ఈజ్ ద వార్మెస్ట్ కలర్' సినిమాలో పడక సీన్లను, మూల గ్రాఫిక్ నవల (బొమ్మల నవల) రాసిన జూల్ మారోనే తప్పుపట్టారు. ఆ సెట్‌లో లెస్బియన్లే లేనట్టుందన్నారు.

యాంకర్: మరి మన ఊళ్లలో ఈ కథ ఎక్కడ మొదలవుతుంది?

రచయిత్రి: మన దగ్గర ఇద్దరు స్నేహితురాళ్లు ఒకే మంచం మీద పడుకున్నా ఎవరూ ఏమీ అనరు. అందుకే ఆమెకూ అది స్నేహంలాగే అనిపిస్తుంది. తీరా స్నేహితురాలికి సంబంధం కుదిరిందని తెలిసిన రోజు అన్నం సహించదు. అందరూ సంతోషంగా ఉంటే తనకే ఈ టెన్షన్ ఎందుకో అర్థం కాదు. కథ అక్కడ మొదలుపెట్టమంటాను. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెద్దవాళ్ల ఇష్టపూర్వక స్వలింగ సంబంధాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది గానీ, ఇంటికొచ్చే సంబంధాలు ఆగలేదుగా.

యాంకర్: సుఖాంతం ఉండాలా?

సంపాదకురాలు: కనీసం ఆశ ఉండాలి. హైస్మిత్ నవల అలా ముగిసినందుకే పాఠకులు కృతజ్ఞతతో ఎన్నో ఉత్తరాలు రాశారు. అప్పటిదాకా అలాంటి కథల్లో ఎక్కువగా చావో, పశ్చాత్తాపమో దొరికేది.

యాంకర్: కొత్తగా రాసేవాళ్లను మీరు ఏం అడుగుతారు?

సంపాదకురాలు: మర్నాడు పొద్దుటి సంగతి రాయమంటాను. సంతోషం ఉంటుంది, అనుమానమూ ఉంటుంది. డిగ్రీ రోజుల నాటి ఒక స్నేహితురాలు గుర్తొచ్చి, "అప్పుడు కూడా ఇదేనా?" అనుకుంటుంది. మా దగ్గరికొచ్చే కథల్లో ఎక్కువసార్లు కనిపించని పేజీ అదే.