రోజుకో పూస

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో పూసలకు కొదవ లేదు. షావుకారుపేట సందుల్లో గాజువి, చెక్కవి, ముత్యాలను పోలిన ప్లాస్టిక్‌వి దండల లెక్కనా తూకం లెక్కనా అమ్ముతారు. కొన్ని దుకాణాల్లో బేరం తెలుగులోనే ఆడుకోవచ్చు. ఇలాంటి ఊళ్ళో ఉంటూ రోజుకు ఒక్కటి చొప్పున చేత్తో పూసలు చేసుకోవడం దేనికని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నలో తప్పు లేదు. మెడలోకి దండ కావాలంటే కొనుక్కోవడమే సుఖం. రోజుకో పూస చేయడంలో ఉన్నది వేరే పని. ఒక పదార్థం దేనికి లొంగుతుందో, దేనికి ఎదురుతిరుగుతుందో చేత్తో పరీక్షించి తెలుసుకోవడం ఆ పని. పాలిమర్ క్లే దానికి చక్కగా కుదురుతుంది కనుక దాని గురించి ఈ పూట నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఇది కుమ్మరి వాడే మట్టి కాదు. పాలీవినైల్ క్లోరైడ్, అంటే మన ఇళ్ళలో నీటి గొట్టాలకు వాడే పీవీసీ, అందులో మెత్తటి పొడి రూపంలో ఉంటుంది. దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి ద్రవం, రంగులు, మరికొన్ని పొడులు కలిపి ముద్ద చేస్తారు. గాలికి ఇది ఎండదు. వేడి తగిలినప్పుడే పీవీసీ రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఒకదానితో ఒకటి అతుక్కుపోయి గట్టిపడతాయి. జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపొందిన కేటె క్రూజె కుమార్తె, ఇంట్లో ఫీఫీ అని పిలిచే సోఫీ, ఇలాంటి పదార్థాన్ని రూపొందించారు. దాని హక్కులను 1964లో ఎబర్‌హార్డ్ ఫాబర్ సంస్థ కొనుక్కుంది. నేటికీ దుకాణాల్లో కనిపించే ఫీమో అనే పాలిమర్ క్లే అలా పుట్టింది.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో గ్రాఫిక్ డిజైన్ బోధించిన మైకేల్ బీరూట్ తన విద్యార్థులకు ఒక అభ్యాసం ఇచ్చేవారు: ఏదో ఒక పనిని ఎంచుకుని, దాన్నే 100 రోజులు వరసగా చేయాలి. ఇప్పుడు లోకమంతా చేస్తున్న రోజువారీ సవాళ్ళు చాలావరకు ఈ తీరువే. పూసల విషయంలో మాత్రం దీనికి ఒక షరతు చేర్చాలని నా అభిప్రాయం. నిన్నటి పూసకూ ఇవాళ్టి పూసకూ మధ్య ఒకే ఒక్క అంశం మారాలి. రంగు మార్చిన రోజున ఆకారం జోలికి పోకూడదు. ఆకారం మార్చిన రోజున రంగు నిన్నటిదే ఉండాలి. రోజూ అందమైన పూసే రావాలని పట్టుబట్టేవారు తొందరగా విసిగిపోతారు. వారికి ఏ పూస ఎందుకు బాగా వచ్చిందో కూడా తెలియదు.

ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. చిన్న పొట్లం ఒకటి సుమారు 57 గ్రాములు ఉంటుంది. 10 మిల్లీమీటర్ల గుండ్రటి పూసకు పట్టే క్లే కాస్త అటూ ఇటూగా ఒక గ్రాము. పూస వెడల్పు రెట్టింపు చేస్తే పట్టే క్లే మాత్రం ఎనిమిది రెట్లవుతుంది కనుక పరీక్షలకు చిన్న పూసే మంచిది.

మొదటి వారమంతా రంగుకే కేటాయించవచ్చు. క్లేను ఒకే మందంలో రేకుగా వత్తి, చిన్న గొట్టంతో బిళ్ళలు కోస్తే అవే కొలతలవుతాయి. నాలుగు పసుపుపచ్చ బిళ్ళలకు ఒక తెలుపు, మర్నాడు రెండు తెలుపు, ఆ మర్నాడు మూడు, ఇలా సాగాలి. ఆ తరువాత పసుపుపచ్చలో నలుపు కలిపి చూడండి. ముదురు పసుపో మట్టి రంగో వస్తుందని మనం ఊహిస్తాం. వచ్చేది పాచి ఆకుపచ్చ. నలుపు చాలా బలమైన రంగు. ఆవగింజంత కలిపినా ముద్ద మొత్తం మారిపోతుంది కనుక లేత రంగులోకి ముదురు రంగును కొంచెం కొంచెంగా చేర్చాలే తప్ప ముదురు రంగులోకి లేతదాన్ని పోయకూడదు. ఇంకొక సంగతి: తెల్ల క్లే పట్టుకున్నప్పుడు మన చేతులు ఎంత మురికిగా ఉంటాయో తెలుస్తుంది. ఎర్ర రవిక నూలుపోగు ఒకటి ఎక్కడినుంచో వచ్చి సరిగ్గా తెల్ల పూస నడినెత్తినే అంటుకుంటుంది. తెలుపుతో పని ముందు ముగించి, ఎరుపు, నలుపు చివరికి ఉంచుకోవడం ఈ పనిలో ఉన్నవారందరి అలవాటు.

రెండు రంగులు ఒకదానిలోకి ఒకటి మెల్లగా కరిగినట్టు కనిపించే పూసలు మీరు చూసే ఉంటారు. జూడిత్ స్కిన్నర్ అనే అమెరికా కళాకారిణి పేరుమీద ఆ పద్ధతిని స్కిన్నర్ బ్లెండ్ అంటారు. ఒక రంగులో ఒక త్రికోణం, మరొక రంగులో మరొక త్రికోణం కోసి, రెండూ కలిపి చతురస్రంగా పేర్చి, మడిచి, వత్తి, మళ్ళీ మడిచి వత్తుతూ పోవాలి. ప్రతిసారీ ఒకే దిక్కుగా మడవాలి. మడత దిక్కు మారిందా, చారలన్నీ కలిసిపోయి ఒకే రంగు మిగులుతుంది.

ఇక బెజ్జం. బెజ్జం లేని పూస గోలీతో సమానం. అయినా కొత్తవారు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది దీన్నే. మెత్తగా ఉన్న పూసను వెంటనే గుచ్చితే అది చొట్టపడుతుంది. పది నిమిషాలు మూతపెట్టిన డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచి తీయాలి. చెన్నై గాలిలోని తేమకు బయట పెట్టగానే పూస చెమర్చుతుంది కనుక మెత్తటి గుడ్డతో అద్దాలి. అప్పుడు దబ్బనం మొనను పూస మీద ఆనించి, నొక్కకుండా, వేళ్ళ మధ్య తిప్పుతూ లోపలికి పోనివ్వాలి. అవతలి వైపున చిన్న బొడిపె లేవగానే ఆగి, దబ్బనం వెనక్కు తీసి, ఆ బొడిపె వైపునుంచి తిరిగి గుచ్చాలి. ఒకే వైపునుంచి తోసేస్తే అవతలి అంచు చిరిగి, రేపు దారాన్ని కోస్తుంది.

గాజు పూసల వారికి ఈ అవస్థ లేదు. రేణిగుంట, శ్రీకాళహస్తిల మధ్యనున్న పాపానాయుడుపేట గాజు పూసలకు పేరుపడ్డ ఊరు. అక్కడి పద్ధతిలో కొలిమిలో కరిగిన గాజును బోలు గొట్టంగా సాగదీసి, చిన్న ముక్కలుగా కోస్తారు. అంటే అక్కడ ముందు బెజ్జం, తరువాత పూస. పుదుచ్చేరి పొరుగునున్న అరికమేడులో 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపించారు. ఆ చోట దొరికిన చిన్న పూసల్లోనూ ఇలా సాగదీసి చేసినవి ఉన్నాయి. క్లేతో కూడా ఒక వారం ఈ క్రమంలో పనిచేయవచ్చు. వెదురుపుల్ల చుట్టూ క్లేను గొట్టంలా చుట్టి, పుల్లతో సహా దొర్లించి, బ్లేడుతో తెగ్గోస్తే బెజ్జం దానంతటదే తిన్నగా వస్తుంది. దబ్బనంతో గుచ్చిన పూసలనూ వీటినీ పక్కపక్కన దారానికి ఎక్కించి చూస్తే ఏది వంకరగా వేలాడుతోందో కంటికే తెలుస్తుంది.

రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండ కూడా ఈ పూసను కాల్చడానికి చాలదు. కంపెనీని బట్టి సాధారణంగా 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అయితే పొట్లంలోని క్లేను పాడుచేయడానికి మన వేసవి బాగానే సరిపోతుంది. కిటికీ దగ్గరో, ఎండలో నిలిపిన కారులోనో వదిలేస్తే అది సగం గట్టిపడి, మెదిపితే పొడిపొడిగా రాలుతుంది. అలాగని వేసవి మధ్యాహ్నాల్లో మరీ మెత్తబడి చేతికి అంటుకుంటుంటే తెల్ల కాగితాల మధ్య ఒక పూట ఉంచండి. అధికంగా ఉన్న ద్రవాన్ని కాగితం పీల్చుకుంటుంది. కాల్చని క్లే కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్‌ను కరిగించి దానికి అతుక్కుపోతుంది కనుక పనికి పింగాణీ టైలు వాడడం క్షేమం.

పూస రోజూ చేసినా రోజూ కాల్చనక్కర్లేదు. వారానికి ఒకసారి ఓటీజీలో, అంటే ఇళ్ళలో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో, అన్నీ కలిపి కాలిస్తే కరెంటు కలిసివస్తుంది. ఒకసారి కాల్చిన పూసను మళ్ళీ కాల్చినా నష్టం లేదు. ఓటీజీ మీది అంకెను నమ్మకుండా లోపల వేరే థర్మామీటరు పెట్టాలి. ఇది తప్పనిసరి. వేడి మరీ మీరి క్లే మాడితే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది కళ్ళకూ గొంతుకూ హానికరం. మాడు వాసన తగలగానే స్విచ్ ఆపి, కిటికీలు తెరిచి, ఆ గదిలోనుంచి బయటికి వచ్చేయాలి. క్లేకు వాడిన కత్తి, పీట తిరిగి వంటకు వాడకూడదు. పూసను వంచి చూడలేం కనుక ప్రతి వాయితోనూ పల్చటి రేకు ముక్క ఒకటి కాల్చండి. చల్లారాక అది వంగితే పూసలు సరిగా కాలినట్టు. పుటుక్కున విరిగితే వేడి గానీ సమయం గానీ చాలలేదన్నమాట.

వంటింటి సరుకులతో చేసే పరీక్షలు నాకు మరీ ఇష్టం. పారదర్శకంగా ఉండే క్లేలో కాఫీపొడి, మిరియాల పొడి, పసుపు వేరువేరుగా కలిపి చూడవచ్చు. పొడి పూర్తిగా ఎండి ఉండాలి. తడి ఉంటే కాల్చేటప్పుడు ఆవిరై పూసలో బుడగలు లేపుతుంది. పసుపు కలిపిన పూస మొదట్లో మెరిసిపోతుంది గానీ వెలుతురుకు దాని రంగు వెలిసిపోతుంది. ఒకేలాంటి రెండు పూసలు చేసి ఒకటి కిటికీలోనూ మరొకటి పెట్టెలోనూ ఉంచితే ఆ తేడా తెలుస్తుంది. మెరుపు కోసం గోళ్ళరంగు మాత్రం పూయకండి. కొన్నాళ్ళకు పూస జిగటగా మారుతుంది. నీళ్ళలో ముంచిన ఉప్పుకాగితంతో, గరుకు తగ్గించుకుంటూ రుద్ది, చివర జీన్స్ గుడ్డతో తుడిస్తే చాలు.

ప్రతి పూసకూ నోటుపుస్తకంలో ఒక వరస రాసి, పూసలను తేదీల వరసలోనే గుచ్చితే వెనక్కు చూసుకోవడం సులువు. బాగా రాని వాటిని ఆ దండలోంచి తీసేయకండి. కాల్చకముందే చెడినవాటిని మాత్రం అన్నీ కలిపి ఒక ముద్దగా మెదిపి పెట్టుకోవచ్చు. దానికి వచ్చే బురద రంగుతో పేచీ లేదు. రాబోయే పూసలకు లోపలి గుండు ఆ ముద్దతో చేసి, పైన కొత్త రంగు పల్చగా తొడిగితే సరిపోతుంది. ఖరీదైన క్లే పైపొరకే ఖర్చవుతుంది.

ఇక సెలవు.