రెండు నిలువు గీతల మధ్య

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. పరిచయంలో నన్ను గణిత మేధావి అన్నారు. ముప్పై ఏళ్లు బడిలో సుద్దముక్కలు అరగదీసినవాణ్ని, అంతే. ఆ ఒక్క మాటా కొట్టేసి మిగతా పొగడ్త ఉంచుకుంటాను.

పరమ మూల్యం గురించి, అంటే సంఖ్యకు అటూ ఇటూ నిలువు గీతలు గీసి |−7| = 7 అని రాస్తామే, దాని గురించి చెప్పమన్నారు. పిల్లలు దాన్ని ‘మాడ్’ అంటారు. అంటే ఏమిటని అడిగితే, ‘మైనస్ తీసేయడమే సార్’ అని ఠక్కున చెబుతారు. ఆ వాక్యం మీద నాకు పాత కక్ష ఉంది. దాన్ని వాళ్లకు నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చాను: ఎక్స్ సున్న కన్నా తక్కువైతే |ఎక్స్| ఎంత? తరగతి అంతా ‘ఎక్స్’ అని రాసింది. ఒక్క అమ్మాయి ‘−ఎక్స్’ అని రాసింది. దాన్ని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి, పక్కన ‘పరమ మూల్యం ఋణం కాదు’ అని రాశాను. మిగతా అందరికీ రెండేసి మార్కులు! ఆ అమ్మాయి పేపరు పట్టుకుని బల్ల దగ్గరకు వచ్చింది. ‘సార్, ఎక్స్ బదులు −7 పెట్టి చూడండి’ అంది. −(−7) అంటే 7. నాకు వెంటనే అర్థమైంది. అయినా ‘వెళ్లి కూర్చో’ అన్నాను.

అయ్యా, అమ్మా, మీలో ఎంతమంది ఆ ‘−ఎక్స్’ను కొట్టేసి ఉంటారు? చేతులు ఎత్తనక్కర్లేదు. ముందు మైనస్ ఉన్నంత మాత్రాన అది ఋణ సంఖ్య అయిపోదు. అసలు ఎక్స్‌కు పైకి కనబడే మైనస్సే లేదు, ఇక తీసేసేది దేన్ని? ఎక్స్ వర్గానికి వర్గమూలం ఎప్పుడూ ఎక్స్ అనేవాళ్లదీ ఇదే పొరపాటు. −7 వర్గం 49, దాని వర్గమూలం 7. కాబట్టి అక్కడ రాయవలసింది |ఎక్స్|.

ఈ నిలువు గీతలు 1841లో జర్మన్ గణితవేత్త వయర్‌స్ట్రాస్ వాడినవి. ఆయన కూడా చాలా ఏళ్లు బడిపంతులే. ఈ సంగతి నాకు ఎందుకో ఊరటగా ఉంటుంది. సరే, దారి తప్పాను.

పరమ మూల్యం అంటే దూరం. సంఖ్యారేఖ మీద సున్న నుంచి 7 ఎంత దూరమో −7 కూడా అంతే దూరం. |ఎక్స్ − 3| అంటే 3 నుంచి ఎక్స్ ఎంత దూరమో అంత. ఇది పట్టుబడితే |ఎక్స్ − 3| = 5 చూసి ఎవరూ కంగారుపడరు. 3 దగ్గర నిలబడి కుడికి ఐదు అడుగులు వేస్తే 8, ఎడమకు వేస్తే −2. దూరం ఐదు కన్నా తక్కువ అంటే ఆ రెండింటి నడుమ ఉన్నవన్నీ. ‘మైనస్ తీసేయడం’ అని నేర్చిన పిల్లవాడు 8 రాసి పెన్ను మూసేస్తాడు. −2 వాడికి కనబడనే కనబడదు.

సమయం అయిందని చీటీ వచ్చింది. ఒక్క లెక్క ఇచ్చి దిగిపోతాను. |ఎక్స్ − 3| = |ఎక్స్ + 5|. కాగితం తీయకండి. ఎక్స్ + 5 అంటే ఎక్స్ − (−5) అని గుర్తుంచుకోండి, చాలు. 3కూ −5కూ సమాన దూరంలో ఎక్కడ నిలబడాలి? ఆ వెనక వరుసలో పాప అప్పుడే వేలు ఎత్తింది. చెప్పమ్మా, గట్టిగా చెప్పు.