రోడ్డు మీద నీళ్లు పారుతుంటే బండి దింపొచ్చా?

నమస్తే. ముందు ఈ ట్రే చూడండి. ఇందులో ఓ బొమ్మ కారు పెట్టాను. మెల్లగా నీళ్లు పోస్తున్నా. చక్రాలు సగం మునిగాయి, కారు కదల్లేదు. ఇంకో గ్లాసు పోద్దాం... అదిగో, వెనక భాగం లేచింది! ఇప్పుడు చిటికెన వేలు తగిలినా ఎటంటే అటు పోతోంది. టైరుకి నేల అందకపోతే బ్రేకు తొక్కినా, స్టీరింగు తిప్పినా ఒకటే.

అసలు కారు సంగతీ అంతే. 30 సెంటీమీటర్ల లోతు చాలు, చిన్న కార్లు తేలడం మొదలుపెడతాయి. 60 సెంటీమీటర్ల ప్రవాహంలో ఎస్‌యూవీలు కూడా కొట్టుకుపోతాయి. "నాది ఎత్తు బండి, ఏం కాదు" అన్న ధీమాతోనే చాలామంది దిగుతారు. ఇక మనిషి పడిపోవడానికి జోరుగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే చాలు. పిక్క కూడా పూర్తిగా మునగదు! మనం లోతు చూస్తాం గానీ జోరు చూడం. నీటి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది.

పైగా ఆ బురద నీళ్ల కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో ఎవరికి తెలుసు? మ్యాన్‌హోల్ మూత లేచిపోయి ఉండొచ్చు. ముందు బండి దాటింది కదా అనుకోకండి, అది దాటాకే రోడ్డు తెగి ఉండొచ్చు. కాబట్టి నీళ్లు పారుతున్న కల్వర్టు కనిపిస్తే, నీళ్లు నిండిన అండర్‌పాస్ కనిపిస్తే, బండి వెనక్కి తిప్పేయండి.

ఇన్ని నీళ్లు ఎక్కడివంటారా? ఒక చదరపు కిలోమీటరు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే కోటి లీటర్లు. అదంతా పల్లం వెతుక్కుంటూ వస్తుంది. మీ దగ్గర చినుకు లేకపోయినా ఎగువన కురిస్తే వాగు పొంగుతుంది. ఆకస్మిక వరద వాన మొదలైన 6 గంటల్లోపే వచ్చేస్తుంది, ఒక్కోసారి నిమిషాల్లోనే. వాగు నీళ్లు ఉన్నట్టుండి మట్టి రంగుకి మారినా, కొమ్మలూ చెత్తా కొట్టుకొస్తున్నా, ఎగువ నుంచి హోరు వినిపించినా వెంటనే మెరక ఎక్కేయండి. ఫోన్ బయటికి తీయొద్దు. వీడియోలు తీసుకుని బతికే నేనే చెబుతున్నా!

ఇంట్లో ఉంటే, నీళ్లు గడప దాటకముందే మెయిన్ స్విచ్ ఆపేయండి. నీళ్లలో నిలబడి మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. బండి తెచ్చుకుందామని సెల్లార్‌లోకి అస్సలు దిగొద్దు.

సరే, కారు ఇప్పటికే నీళ్లలో ఇరుక్కుంది, లోపలికి నీళ్లొస్తున్నాయి. సీటు బెల్టు తీసేయండి, అద్దం దించండి, ముందు పిల్లల్ని, తర్వాత మీరు, అద్దంలోంచి కారు పైకెక్కండి. డోరుతో కుస్తీ పడొద్దు, బయటి నీళ్లు దాన్ని నొక్కి పెడతాయి. తడిస్తే పవర్ విండో ఎంతోసేపు పనిచేయదు, అందుకే ఫోన్ కంటే ముందు అద్దం. అది దిగకపోతే పక్క అద్దాన్ని మూల దగ్గర పగలగొట్టాలి. కారు ముందు వైపు అద్దం లామినేటెడ్, అంటే రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ఊడిరాదు; దాని మీద టైం వృథా. కొన్ని కార్లలో పక్కవీ లామినేటెడే ఉంటాయి. మీది ఏ రకమో అద్దం మూలన చిన్న అక్షరాల ముద్రలో ఉంటుంది, ఈసారి కారెక్కే ముందు వంగి చదవండి.