గోతిలోకి దిగి చూడండి
(ఇంజనీర్ల దినోత్సవం నాడు, గుంటూరు దగ్గర ఒక లేఅవుట్‌లో ప్లాట్ల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకి, కింద కూర్చున్న పెద్దలకి, కుర్చీలు చాలక షామియానా బయట నిలబడ్డ వాళ్ళకి నమస్కారం. శాలువా కప్పుతామన్నారు. ఈ ఉక్కపోతలో శాలువా వద్దు బాబూ, ఆ అయిదు నిమిషాలు కూడా నన్నే మాట్లాడనివ్వండి అని బతిమాలుకున్నాను.

ఇవాళ సెప్టెంబర్ 15, విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పకపోతే బాగుండదు. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ని అతలాకుతలం చేస్తే నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించుకుంది. ఆయన వచ్చి ముందు చూసింది ఎక్కడెక్కడ ఎంత వాన పడుతోంది, ఏ వాగు ఎటు నుంచి దిగుతోంది అని. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ తర్వాతి మాట. నేను చెప్పబోయేది కూడా అంతే, ముందు నేల చూడండి, ఇల్లు తర్వాత.

ఒక్కసారి చేతులెత్తండి. ఇంటి ఎలివేషన్ త్రీడీ బొమ్మ ఫోన్లో ఉన్నవాళ్ళు? అబ్బో, దాదాపు అందరూ. మట్టి పరీక్ష చేయించినవాళ్ళు? ...ఆ వెనకాయన ఎత్తింది మంచినీళ్ళ కోసమనుకుంటా, ఎవరైనా ఓ గ్లాసు ఇవ్వండి. చూశారా, ఇదీ మన పరిస్థితి. మెయిన్ డోర్ టేకుదా, ఫ్లష్ డోరా అని మూడు నెలలు చర్చిస్తాం, కింద ఏముందో చూడటానికి మూడు గంటలు కేటాయించం. పునాది ఎంత లోతు తీయాలని మేస్త్రిని అడిగితే ఆయన ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది, "పక్కింటికి ఏం తీశామో అదే సార్." పక్కింటాయన్ని అడిగితే ఆయన పక్కింట్లో ఎలా తీశారో అలాగే తీయించానంటాడు. అలా పోతూ ఉంటే వీధి చివర మొదటి ఇల్లు కట్టినాయన దొరుకుతాడు, ఆయన ఎవర్నీ అడగలేదు.

ఇక్కడ మా అక్క వాళ్ళ ఇంటి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మా బావగారు పంతులుగా చేసి రిటైరై, ఒకప్పటి పత్తి చేనులో ప్లాటు కొన్నారు. నేనప్పుడు ఉద్యోగరీత్యా ఒడిశాలో ఉన్నాను, గృహప్రవేశం కార్డు వచ్చేదాకా ఇల్లు కడుతున్నట్టే తెలీదు. ఆ వీధిలో రెండిళ్ళ అవతల ఒకాయనకి మూడడుగులకే గ్రావెల్, అంటే గట్టి రాళ్ళమట్టి తగిలింది, నాలుగడుగుల లోతులో ఫుటింగులు, అంటే పునాది దిమ్మెలు వేసుకున్నాడు, ఇల్లు నిక్షేపంలా ఉంది. అది చూసి బావగారు కూడా నాలుగడుగులే తీయించారు. కానీ ఈయన కింద ఎనిమిదడుగులు పోయినా నల్లరేగడే.

మొదటి వానాకాలానికి పూజగది తలుపు పడలేదు. వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించారు. ఎండాకాలం వచ్చేసరికి అదే తలుపుకి బల్లి దూరేంత సందు వచ్చింది, దానికి బద్ద కొట్టించారు. మళ్ళీ వాన, మళ్ళీ బిగుసుకుంది, మళ్ళీ చిత్రిక. ఆ వడ్రంగి ఏటా దసరాకి ముందు తనే ఫోన్ చేసి "సార్, తలుపెలా ఉంది?" అని అడిగే స్థాయికి వచ్చింది వ్యవహారం. ఈలోగా వంటింటి కిటికీ మూల నుంచి సజ్జ దాకా ఏటవాలుగా పగులు బయలుదేరింది, ఒక కొస దగ్గర సన్నంగా, ఇంకో కొస దగ్గర రూపాయి బిళ్ళ నిలబెట్టేంత. అప్పుడు సిద్ధాంతి గారిని పిలిచారు. గేటు ఆ మూల నుంచి ఈ మూలకి జరిగింది. మెట్లు పగలగొట్టి తిప్పారు. పగులు మాత్రం ఎక్కడికీ జరగలేదు.

నేను వెళ్ళినప్పుడు మా బావగారు "ఏమోయ్, డ్యాములు కట్టొచ్చావు కదా, ఈ తలుపు సంగతి తేల్చు" అన్నారు. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగాను. వంటింటి గోడవతల, గోడకి జానెడు దూరంలో, అరటి చెట్లు. నవనవలాడుతూ ఉన్నాయి. ఎందుకుండవు, వంటింటి సింకు నీళ్ళన్నీ అక్కడికే. అంటే ఆ గోడ కింద మట్టి పన్నెండు నెలలూ తడిసి ఉబ్బి ఉంటుంది, అవతలి గోడ కింద మట్టి ఎండల్లో ఎండి కుంచించుకుపోతుంది. ఇల్లు ఒక పక్క లేస్తుంది, ఒక పక్క కుంగుతుంది, మధ్యలో ఉన్న కిటికీ మూల చీలుతుంది. ఇందులో ఈశాన్యం చేసిన పాపం ఏముంది చెప్పండి?

చెట్లు తీసేసి, ఆ నీళ్ళని గొట్టంతో దూరంగా పంపి, ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున నీళ్ళు బయటికి జారేలా కాంక్రీటు ఆప్రాన్ పోయించండి అన్నాను. మా అక్క ఒప్పుకోలేదు. "గెల వేసిన చెట్టు కొట్టేస్తారుట్రా తమ్ముడూ" అంది. గెల దిగేదాకా ఆగాం. ఆ పగులు ఇప్పటికీ ఉంది, పెరగడం మాత్రం ఆగింది. కట్టేశాక ఇంతకంటే ఎవరూ ఏమీ చేయలేరు. అందుకే మీరు ఇంకా ముగ్గు పోయకముందే మీ దగ్గరికి వచ్చాను.

సరే, ఈ బల్ల మీద రెండు గాజు గొట్టాలున్నాయి చూడండి. మీ లేఅవుట్‌లోనే, డ్రైనేజీకి కాలువ తవ్విన చోట మూడడుగుల కింది నుంచి తెచ్చిన మట్టి. ఎండబెట్టి, పొడి చేసి, సన్న జల్లెడ పట్టి, ఇందులో పది గ్రాములు, అందులో పది గ్రాములు వేశాను. ఒకదాంట్లో కిరోసిన్, ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్. బుడగలు పోయేదాకా కదిపి నిన్న ఇదే వేళకి పక్కన పెట్టాను, 24 గంటలయ్యాయి. బాబూ, నువ్వు, నీలం చొక్కా, ఇలా వచ్చి మైకులో చదువు. కిరోసిన్‌లో మట్టి ఏ గీత దాకా ఉంది? పది. నీళ్ళలో? పద్ధెనిమిది. అదే మట్టి, అంతే తూకం. కిరోసిన్‌కి మట్టి ఉబ్బదు, నీళ్ళకి నూటికి ఎనభై వంతులు ఉబ్బింది. యాభై దాటిందంటే ఇంజనీరు లేకుండా గునపం ముట్టుకోకూడదు. మీ ఫుటింగ్ కూర్చోబోయేది దీని మీదే, వానాకాలంలో దాన్ని పైకి తోసేది కూడా ఇదే.

మరి ఏం చేయాలి? దారులున్నాయి. గ్రావెల్ దగ్గర్లో తగిలితే నల్లమట్టి దాటేసి దాని మీదికి దిగిపోవడం అన్నిటికంటే నిశ్చింత. తగలకపోతే అండర్ రీమ్‌డ్ పైల్స్. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన రేగడి నేలల కోసం తీర్చిదిద్దిన పద్ధతి ఇది. మామూలుగా మూడున్నర మీటర్ల లోతు బోరు వేసి, అడుగున దాన్ని రెండున్నర రెట్ల వెడల్పున ఉబ్బెత్తుగా తొలిచి, కాంక్రీటు నింపి స్తంభంలా చేస్తారు. ఎందుకంత లోతంటే, ఆ కింద మట్టికి ఎండా వానా తేడా పెద్దగా తెలీదు. పైన మట్టి ఉబ్బి స్తంభాన్ని లాగబోయినా అడుగున ఉన్న బుడిపె రానివ్వదు. ఒక్క మాట మర్చిపోకండి, ఆ పైల్స్ మీద గోడల్ని మోయడానికి వేసే ప్లింత్ బీముకీ నేలకీ మధ్య మూడంగుళాలకి పైనే ఖాళీ ఉండాలి. మేస్త్రి చూస్తే ఊరుకోడు, ఖాళీ ఎందుకని మట్టి కూరేస్తాడు. కూరాడంటే ఇన్ని పైల్స్ వేసీ దండగే, మట్టి ఉబ్బి బీమునే ఎత్తుతుంది.

ఈ మాట చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు లేచి రామప్ప గుడి గురించి అడుగుతారు. అడగబోతున్నారా? కూర్చోండి, నేనే చెప్తాను. 1213 నాటి గుడి, పునాది కింద ఇసుక నింపి కట్టారంటారు, 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది, మనందరికీ గర్వకారణం. కానీ అది చూసి రేగడిలో గొయ్యి తీసి ఇసుక పోయకండి. చుట్టూ బంకమట్టి, మధ్యలో ఇసుక అంటే నీళ్ళ తొట్టి కట్టినట్టే, పడ్డ వానంతా అందులోకి చేరి కింద మట్టిని తీరిగ్గా నానబెడుతుంది. ఇసుక బదులు ఉబ్బని, బంకగా ఉండే మొరం లాంటి మట్టిని పొరలుగా దట్టించి వేసే పద్ధతిని బొంబాయి ఐఐటీలో ప్రొఫెసర్ కట్టి గారు రూపొందించారు. అది కూడా ఏ మొరం పడితే ఆ మొరం కాదు, పరీక్ష చేసి వేయాలి.

నా కాగితంలో ఇంకా చాలా ఉంది గానీ అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. రెండు మూడు ముక్కలు చెప్పి దిగిపోతాను. ఇప్పటికే ముహూర్తం పెట్టించుకున్నవాళ్ళున్నారు. పెట్టుకోండి, కొబ్బరికాయ కొట్టి, నవధాన్యాలు వేసి శంకుస్థాపన చేసుకోండి, దానికి గజం గొయ్యి చాలు. ఆ రోజే జేసీబీ పెట్టి అన్ని గోతులూ తవ్వించి, రాడ్డు బిల్లుకి డబ్బులు సర్దుకునేదాకా వానలో వదిలేయకండి. అడుగున మట్టి బురదైపోతుంది, ఆ బురద ఎత్తిపోయకుండా దాని మీదే బెడ్ కాంక్రీటు, అంటే గొయ్యి అడుగున పరిచే మొదటి కాంక్రీటు పొర పోస్తారు. గొయ్యి అడుగు చూసిన రోజే, వీలైతే ఆ పూటే, బెడ్ పడిపోవాలి. పోసేముందు మీరు నిచ్చెన వేసుకుని దిగండి. మొగుడూ పెళ్ళాలిద్దరూ దిగండి, తప్పేం లేదు. కుండపెంకులు, గాజుముక్కలు, బొగ్గు కనిపిస్తే అది పాత పెంటదిబ్బో పూడ్చిన బావో అయి ఉంటుంది, పని ఆపించేయండి. "రెండు తట్టల కంకర ఎక్కువేద్దాం లెండి" అంటే వినకండి.

అడుగున ఇనుప రాడ్ల జాలీ కింద రెండంగుళాల సిమెంటు బిళ్ళలు ఉన్నాయో లేదో చూడండి, కంకర రాయి ముక్క పెడితే తీయించండి. కాంక్రీటులో నీళ్ళు... అయ్యో, దీని మీద ఒక పూట మాట్లాడొచ్చు. 50 కిలోల సిమెంటు బస్తాకి పాతిక లీటర్లు దాటకూడదు, ఇసుకలో ఉన్న తడితో కలిపి. కూలీలకి తోయడం తేలికని ఇంకో బకెట్ కుమ్మరిస్తారు, జారుగా భలే పడుతుంది, బలం పోతుంది. ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి అక్కడే కుర్చీ వేసుకోండి. ఆ తర్వాత కనీసం వారం, పది రోజులు తడపాలి. బేస్‌మెంట్ ఫిల్లింగ్, అంటే గదుల నేల కింద నింపే మట్టి, ఒకేసారి ట్రాక్టర్లతో కుమ్మరించకుండా అర అడుగు పొర, నీళ్ళు, దిమ్మిస, మళ్ళీ పొర, అలా వేయించండి. లేకపోతే రెండేళ్ళకి హాల్లో టైల్సు తడితే డొల్ల చప్పుడు వస్తుంది.

వచ్చే ఆదివారం పొద్దున ఇక్కడే ఉంటాను. ఎవరి ప్లాటు మట్టి వాళ్ళు తీసుకురండి, పైమట్టి కాదు, మూడడుగుల కింద నుంచి, రెండు గుప్పెళ్ళు, కవర్ మీద ప్లాటు నంబరు రాసి. ఈ గొట్టాల పరీక్ష తొలి హెచ్చరిక మాత్రమే. పునాది ఏది వేయాలో దీన్ని బట్టి తేల్చుకోకుండా ల్యాబ్ వాళ్ళతో బోరు వేయించి, రిపోర్టు ఇంజనీరుకి చూపించాలి. గొట్టాలు నా దగ్గరున్నాయి. కిరోసిన్ మాత్రం ఎవరింట్లోనైనా పాతది మిగిలి ఉంటే పట్టుకురండి, రేషన్ షాపుల్లో ఇవ్వడం మానేశాక నాకు దొరకడం లేదు.