ఐఫోన్ అడిగే రెండు ప్రశ్నలు: ఒక కంట సున్నం, ఒక కంట వెన్న

హాయ్ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, ఈ ఐఫోన్ నాది కాదు. తెలిసిన మొబైల్ షాపు వాళ్లు రివ్యూ కోసం పది రోజులకి ఇచ్చారు, సోమవారం తిరిగి ఇచ్చేయాలి. డబ్బులేమీ తీసుకోలేదు. బ్యాక్ కవర్ మాత్రం ఉంచుకోమన్నారు, ఉంచుకుంటున్నా. కెమెరా, బ్యాటరీ, ప్రాసెసర్ సంగతులు ఈపాటికి పది వీడియోల్లో చూసే ఉంటారు. అన్నీ బాగున్నాయి, ఆ ముచ్చట అయిపోయింది. నేను మాత్రం రెండు పాపప్‌ల దగ్గరే ఆగిపోయాను.

మొదటిది మీకు తెలిసిందే. కొత్త యాప్ తెరిస్తే వస్తుంది. వేరే కంపెనీల యాప్‌లలో, వెబ్‌సైట్లలో మీరు ఏం చేస్తున్నారో ఈ యాప్ ట్రాక్ చెయ్యొచ్చా అని అడుగుతుంది. పైన 'ఆస్క్ యాప్ నాట్ టు ట్రాక్', కింద 'అలౌ'. 2021 ఏప్రిల్ 26న ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో వచ్చింది. వద్దని నొక్కామనుకోండి, ప్రకటనల వాళ్లు మన ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు ఒకటి ఉంటుంది, ఐడీఎఫ్ఏ అంటారు, దాని బదులు యాప్‌కి వరసగా సున్నాలే వెళ్తాయి. ఇది చూస్తే నాకు భలే తృప్తి.

ఎందుకంటే నా మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక టార్చ్ యాప్ ఉండేది. లైటు వెలిగించడానికి దానికి నా కాంటాక్ట్స్ కావాలట! అప్పట్లో అన్నిటికీ ఒకేసారి ఒప్పుకుంటేనే ఇన్‌స్టాల్, లేదంటే చీకట్లో కూర్చో. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చాకే ఒక్కో పర్మిషన్ విడిగా అడగడం మొదలైంది. సరే, మళ్లీ విషయానికి వద్దాం.

రెండో పాపప్ యాప్ స్టోర్ తెరిచినప్పుడు వచ్చేది. యాపిల్ కూడా ప్రకటనలు అమ్ముతుంది కదా, వాటి కోసం. ఇక్కడ 'ట్రాక్' అనే మాటే లేదు. 'పర్సనలైజ్డ్ యాడ్స్' అట. మీకు పనికొచ్చే యాప్‌లు, వస్తువులు తెలుస్తాయట, మీ ప్రైవసీ మేం కాపాడతామట. రెండూ మా అమ్మకి చూపించి తెలుగులో చదివి వినిపించాను. మొదటిదానికి, "మనం ఎక్కడ తిరిగితే వాళ్లకెందుకురా, వద్దని కొట్టు" అంది. రెండోదానికి, "పనికొచ్చేవే చూపిస్తామంటున్నారుగా, ఉండనీ" అంది. చూశారా? అడిగే తీరు మారితే జవాబే మారిపోయింది.

యాపిల్ వాదన ఏమిటంటే, మీ వివరాల్ని మేం వేరే కంపెనీల డేటాతో కలపం, కాబట్టి అది ట్రాకింగే కాదు అని. అబద్ధం కాదు. కానీ యాప్ స్టోరే చేతిలో ఉన్నవాడికి పక్కవాడి డేటాతో పనేముంది? ట్రాకింగ్ అంటే ఏమిటో అర్థం రాసిందీ వాళ్లే, ఆ అర్థం సరిగ్గా వాళ్ల ప్రహరీ గోడ బయటి నుంచి మొదలవుతుంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఇది నా ఒక్కడి గొడవ కాదు. ఫ్రాన్స్‌లో పోటీ వ్యవహారాలు చూసే సంస్థ 2025 మార్చి 31న యాపిల్‌కి 15 కోట్ల యూరోల జరిమానా వేసింది. పాపప్ పెట్టడం తప్పు అనలేదు, పెట్టిన పద్ధతి తప్పు అంది. అక్కడి చట్టం ప్రకారం యాప్‌లు ఎలాగూ ఒకసారి అనుమతి అడగాలి, దాని మీద ఈ పాపప్. వద్దనడానికి ఒక్క నొక్కుడు చాలు, సరే అనాలంటే రెండుసార్లు చెప్పాలి. యాపిల్ సొంత ప్రకటనలకి మాత్రం ఒకసారి అడిగితే సరిపోయేది. అదే ఏడాది డిసెంబర్‌లో ఇటలీ కూడా 9.8 కోట్ల యూరోల పైనే వేసింది.

ఫేస్‌బుక్ 2020 డిసెంబర్‌లో అమెరికా పత్రికల్లో, ఈ ట్రాకింగ్ పాపప్ వస్తే చిన్న వ్యాపారులు నష్టపోతారని ఫుల్ పేజీ ప్రకటనలు ఇచ్చింది. వాళ్లది మొసలి కన్నీరే అనుకోండి. అయినా గుంటూరు నుంచి డాలస్‌కి గోంగూర పచ్చడి పంపే ఆవిడ సంగతి ఆలోచించండి. అమెరికాలో సగం మందికి పైగా ఐఫోనే. అక్కడి తెలుగువాళ్లకి ఆవిడ ప్రకటన చేరాలంటే ఇలా ట్రాక్ చేసి చూపించే ప్రకటనలే దిక్కు, పెద్ద కంపెనీకి ఉన్నట్టు సొంత స్టోర్ ఆవిడకి లేదుగా.

మరి తీర్పు? పాపప్‌కి పదికి తొమ్మిది, తీసేయమని నేను చచ్చినా అనను. న్యాయానికి పదికి మూడు. అదే ప్రశ్న, అదే మాటల్లో, యాప్ స్టోర్ మీద కూడా రావాలి. అది వచ్చిన రోజు మార్కులు మారుస్తా.

ఫోన్ చేతిలో ఉంటే ఇప్పుడే చూడండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ. 'ట్రాకింగ్' పైనే కనిపిస్తుంది. 'యాపిల్ అడ్వర్టైజింగ్' కోసం కిందికి పోవాలి... ఇంకా కిందికి... ఇంకా... ఆ, అదిగో.