గది ఫోటోలకి లైటు కొనేముందు కిటికీ వైపు చూడండి

అందరికీ నమస్కారం. ఇళ్ల లోపలి ఫోటోలు, ఆఫీసుల ఇంటీరియర్ ఫోటోలు తీయడం మొదలుపెట్టినవాళ్లు చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఎల్‌ఈడీ లైటు కొనాలా, ఫ్లాష్ కొనాలా అని. నా జవాబు ముందే చెప్పేస్తాను: ఫ్లాష్. అందులోనూ 200 వాట్-సెకండ్ల (ఒక్క దెబ్బలో ఎంత శక్తి వదులుతుందో చెప్పే కొలత) బ్యాటరీ ఫ్లాష్ ఒక్కటి. ఎందుకో అర్థం కావాలంటే మాత్రం లైటు సంగతి కాసేపు పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లాలి.

మంచి ఎండ వేళ ఒక హాల్లో ట్రైపాడ్ వేశారనుకోండి. కిటికీ అవతల ఎండలో ఉన్న చెట్టు సరిగ్గా రావాలంటే ఐఎస్‌ఓ (కెమెరా సున్నితత్వం) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/11, షట్టర్ (తెరిచి ఉండే సమయం) సెకనులో 200వ వంతు దగ్గర ఉండాలి. అదే అపర్చర్‌లో లోపలి సోఫా సరిగ్గా రావాలంటే చాలా గదుల్లో ఒక సెకను దాకా పట్టేస్తుంది. అంటే 200 రెట్ల తేడా, దాదాపు ఎనిమిది స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు). మన కన్ను దీన్ని ఇట్టే సర్దుకుంటుంది కాబట్టి గదిలో నిలబడ్డప్పుడు ఆ తేడా మనకి తెలియదు. కెమెరాలో చూస్తే కిటికీ తెల్లగా కాలిపోయి ఉంటుంది, లేదంటే గది చీకటిగా ఉంటుంది.

ఇప్పుడు ఆ గదిలోకి 60 వాట్ల ఎల్‌ఈడీ తెచ్చిపెట్టండి. కంటికి భలే వెలుగుగా కనిపిస్తుంది. కానీ షట్టర్ తెరిచి ఉండేది సెకనులో 200వ వంతే. అంత తక్కువ సమయంలో 60 వాట్ల లైటు వాడుకునే శక్తి 0.3 వాట్-సెకండ్లు. మన ఫ్లాష్ అదే సమయంలో 200 వాట్-సెకండ్లు ఒక్క దెబ్బలో వదిలేస్తుంది. రెండూ కరెంటుని వెలుగుగా మార్చే తీరులో తేడాలున్నా, 0.3 ఎక్కడ, 200 ఎక్కడ! లెక్క వేసుకుంటే ఇక అనుమానం ఉండదు.

"షట్టర్ రెండు సెకన్లు పెడితే ఎల్‌ఈడీ కూడా 120 ఇస్తుంది కదా" అంటారు. ఇస్తుంది. అయితే ఆ రెండు సెకన్లూ కిటికీ కూడా ఎండని లోపలికి పోస్తూనే ఉంటుంది. ఫ్లాష్ అసలు బలం ఇక్కడే ఉంది. దాని వెలుగు రెప్పపాటు కంటే ముందే అయిపోతుంది. అందుకే షట్టర్ వేగం పెంచితే కిటికీ తగ్గుతుంది, ఫ్లాష్ తగ్గదు. రెండింటినీ విడివిడిగా పట్టుకునే వీలు మనకి దొరుకుతుంది. కెమెరా సింక్ స్పీడ్, అంటే ఫ్లాష్‌తో వాడగలిగే అత్యధిక షట్టర్ వేగం, దాటకూడదు, అంతే. చాలా కెమెరాల్లో అది 200వ వంతు, కొన్నింట్లో 250వ వంతు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1960లో ఆర్కిటెక్చర్ ఫోటోగ్రాఫర్ జూలియస్ షుల్మన్ లాస్ ఏంజిలిస్‌లో ఒక అద్దాల ఇంటిని రాత్రిపూట ఫోటో తీశారు. ఆర్కిటెక్ట్ పియర్ కోనిగ్ డిజైన్ చేసిన ఇల్లు, కొండ అంచున ఉంటుంది. కింద ఊరి దీపాలు ఫిల్మ్ మీదికి రావడానికి సుమారు ఏడు నిమిషాలు ఎక్స్‌పోజర్ ఇచ్చి, లోపల కూర్చున్న ఇద్దరు యువతుల కోసం అదే ఫిల్మ్ మీద ఫ్లాష్ బల్బులు వెలిగించారు. ఆ ఫోటో ఎప్పుడు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఈరోజు మనం గది వెలుగుతో ఒక ఫ్రేమ్, ఫ్లాష్‌తో ఇంకొక ఫ్రేమ్ తీసి ఎడిటింగ్‌లో లేయర్లుగా కలుపుతున్నాం. దాన్నే ఫ్లాంబియంట్ అంటున్నాం. రెండు వెలుగుల్ని విడిగా తీసి ఒక చోట చేర్చడమే రెండింట్లోనూ ఉన్న సూత్రం.

సరే, ఫ్లాష్ పెట్టె మీద గైడ్ నంబర్ (వెలుగు ఎంత దూరం చేరుతుందో చెప్పే అంకె) 60 అని పెద్దగా రాసి ఉంటుంది. పక్కన చిన్న అక్షరాల్లో 200 ఎంఎం జూమ్ అని ఉందేమో చూడండి. వెలుగుని సన్నగా ఒక చోటికి కుదించి కొలిచిన లెక్క అది. మనం చేసేది దానికి పూర్తిగా వ్యతిరేకం. సీలింగ్‌కి కొట్టి గదంతా పరుస్తాం, ఆ దారిలోనే రెండు మూడు స్టాపులు పోతాయి. అందుకే వాట్-సెకండ్లు చూడండి, బల్బు బయటికి ఉండే బేర్ బల్బ్ హెడ్ దొరుకుతుందేమో చూడండి. 400 తీసుకోమంటారా అంటే, 200కీ 400కీ మధ్య తేడా ఒక్క స్టాపే. మోయాల్సిన బరువు మాత్రం బాగా పెరుగుతుంది. కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా ఉంటుంది కాబట్టి ఒకే ఫ్లాష్ పట్టుకుని గదిలో నాలుగు చోట్ల నిలబడి నాలుగు ఫ్రేములు తీసి, తర్వాత కలపొచ్చు.

సీలింగ్‌కి కొట్టే ముందు దాని రంగు చూడండి. ఒకసారి నేను తొందరలో ముదురు ఆకుపచ్చ గోడకి కొట్టేశాను. తెల్ల సోఫా మొత్తం ఆకుపచ్చ పట్టేసింది. ఎడిటింగ్‌లో సోఫా సరిచేస్తే నేల గులాబీ రంగుకి తిరిగింది, నేల సరిచేస్తే కర్టెన్ పాడైంది. అప్పటినుంచి తెల్ల అంబ్రెల్లా (ఫ్లాష్ వెలుగుని పరిచే గొడుగు) లేకుండా షూట్‌కి వెళ్లడం లేదు. సీలింగ్ చెక్కతో ఉన్నా, రంగు వేసి ఉన్నా అంబ్రెల్లా తీస్తాను.

గది దీపాలు ఆపేసి తీయడమే నాకు ఇష్టం. డిజైనర్ వెలిగించే ఉంచమంటే సీటీఓ జెల్, అంటే ఫ్లాష్ ముందు పెట్టే నారింజ రంగు పలచని షీటు, కావాలి. ఆ బల్బులు 3000 కెల్విన్ (వెలుగు రంగు కొలత) దగ్గర పసుపుగా ఉంటాయి, ఫ్లాష్ 5600 దగ్గర తెల్లగా ఉంటుంది. నారింజ రంగు జెల్ ఫ్లాష్‌ని బల్బుల వైపు దించుతుంది.

ఎల్‌ఈడీ పనికిరాదని కాదు. సాయంత్రం వేళ, కిటికీ నీలంగా మారాక, చీకటి మూలకి చిన్న ఎల్‌ఈడీ చక్కగా సరిపోతుంది. వీడియోకి ఎలాగూ అదే కావాలి. కొంటే సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 95 అన్న అంకె ఒక్కటే చూసి ఆగకండి, ఆర్9 విలువ అడగండి. ముదురు ఎరుపు ఎంత నిజంగా వస్తుందో చెప్పేది అదే, మామూలు సీఆర్‌ఐ సగటులో అది కలవదు. టేకు తలుపు నిర్జీవంగా కనిపించిందంటే చాలాసార్లు కారణం ఇదే.

కెమెరా నుంచి ఫ్లాష్‌ని పేల్చే ట్రిగ్గర్ రేడియోదే తీసుకోండి. ఇంకో ఫ్లాష్ వెలుగు చూసి పేలే ఆప్టికల్ స్లేవ్ పక్క గదిలో గోడ చాటున పెడితే పనిచేయకపోవచ్చు.

కొనేముందు లైటు ఒక రోజు చేతికి దొరికితే, ఎండ వేళ కిటికీ ఉన్న గదిలోకి తీసుకెళ్లండి. 200వ వంతు, ఎఫ్/11, ఐఎస్‌ఓ 100 పెట్టి ఫుల్ పవర్‌లో సీలింగ్‌కి కొట్టండి. సోఫా ఎంత వరకు కనిపించిందో చూడండి. చాలకపోతే ఐఎస్‌ఓ రెండు స్టాపులు పెంచి, కిటికీ ఫ్రేమ్ వేరుగా తీసుకోవచ్చు. తర్వాత ఆగకుండా ఇరవై ఫ్రేములు కొట్టి, మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి గోడ రంగు పోల్చండి. రంగు మారితే ఆ లైటు వద్దు.